మన హైస్కూళ్ల నియమములు – తలిదండ్రుల మాట

ఈ శతాబ్ది సంచికకు మన విద్యాసంస్థలను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. ఏలయనగా ఏ బడికి ఎవరు పునాదిరాయి వేసినారు, ఏ దొరగారి కాలములో ఏ మేడ లేచినది, ఎవరెవరు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసినారు అనునవి ఇంతకు ముందు వెలువడిన సంచికలలో పెద్దలు వ్రాసియే యున్నారు. దానినే తిరుగవ్రాయుటకంటె, ఎవరును అంతగా పట్టించుకొనని ఒక చిన్న కాగితమును గూర్చి వ్రాయుట మేలని తోచినది. ప్రతి సంవత్సరము జూన్ నెలలో పిల్లవానిని హైస్కూలులో చేర్చునప్పుడు దరఖాస్తు వెనుకవైపున చిన్న అక్షరములతో అచ్చువేసిన నియమములుండును. వాటి క్రింద తండ్రియో తల్లియో సంతకము చేయవలెను. వ్రాలు రానివారు వ్రేలిముద్ర వేయవలెను. చదివి సంతకము చేసినవారిని మా పరిచర్యలో మేము వ్రేళ్లమీద లెక్కపెట్టగలము.

ఆ నియమములు ఒక్కనాడు పుట్టినవి కావు. అవి ఎట్లు వచ్చినవి, వాటివలన ఎవరు లోపలికి వచ్చినారు, ఎవరు వాకిట నిలిచిపోయినారు, తలిదండ్రులు అప్పుడేమి చేసినారు అను సంగతులను తెలిసినంతవరకు ఇక్కడ చెప్పదలచితిమి. మన డయాసిస్ ఒక్కదానికే గాక ఇతర మిషనులకు సంబంధించిన సంగతులును ఇందులో వచ్చును. తెలుగు క్రైస్తవుల చదువు చరిత్రను గోడలు కట్టి విడదీయుట సాధ్యము కాదు.

1841లో ఛర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున రాబర్టు నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అను ఇద్దరు యువకులు మచిలీపట్నము చేరినారు. ఫాక్స్ దొరగారు ఊరూర తిరిగి ప్రకటించు పని చేపట్టినారు. ఆరోగ్యము చెడి, స్వదేశమునకు పోయి 1848లో మరణించినారు. నోబుల్ దొరగారు బందరులోనే నిలిచి 1843లో ఇంగ్లీషు పాఠశాలను తెరచినారు. ఆయన పెండ్లి చేసికొనలేదు. ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. 1865లో బందరులోనే కన్ను మూసినారు. ఆ బడియే తరువాత నోబుల్ కళాశాల యని ప్రసిద్ధి చెందినది.

ఆ బడికి ఆయన పెట్టిన నియమములలో రెండు మనము జ్ఞాపకముంచుకొనవలసినవి. మొదటిది, ప్రతి తరగతిలోను బైబిలు పాఠము తప్పనిసరి. బ్రాహ్మణ బాలుడైనను, మహమ్మదీయ బాలుడైనను ఆ గంటలో కూర్చుండవలసినదే. రెండవది, మాల మాదిగల పిల్లలకు అందులో ప్రవేశము లేదు. ఈ రెండవ నియమమును గూర్చి మన సంచికలలో ఎవరును వ్రాయరు. దొరగారిమీద గౌరవముచేత వ్రాయరని మా ఊహ. కాని దాచిపెట్టినంతమాత్రమున చరిత్ర మారదు. ఆయన చెప్పుకొన్న కారణము ఏమనగా, ఇంగ్లండులోని పెద్దింటివారు తమ పిల్లలను వంటవాండ్ర పిల్లలతోను గుఱ్ఱపువాండ్ర పిల్లలతోను కలిపి కూర్చుండబెట్టరు గదా, ఇక్కడివారిని మాత్రము ఎట్లు బలవంతపెట్టగలము అని. పై కులములవారు క్రీస్తును తెలిసికొన్నయెడల వారినుండి క్రిందివారికి వెలుగు దిగివచ్చునని ఆయన నమ్మినారు. మంచి ఉద్దేశమే. అయినను ఆ నమ్మకము మన పితరుల విషయములో నెరవేరలేదు. వెలుగు వచ్చిన త్రోవ వేరు.

1852లో మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, అయినాల భూషణము అను వెలమ యువకుడును బాప్తిస్మము పొందినారు. ఊరు అట్టుడికినట్లు ఉడికినది. తలిదండ్రులు తమ పిల్లలను బడి మానిపించినారు. తరగతులు ఖాళీ అయినవి. మరల బడి నిండుటకు కొంత కాలము పట్టినది. ఆ ఇద్దరును 1864లో డీకనులుగా అభిషేకము పొందినారు. జానీ ఆలీ అను మహమ్మదీయ విద్యార్థియు ఆ బడినుండియే క్రీస్తునొద్దకు వచ్చి, తరువాత కేంబ్రిడ్జిలో చదివి మిషనరీగా పనిచేసినారు.

మేము వేదాంత కళాశాలలో చదివిన దినములలో ఈ 1852వ సంవత్సరమును పరీక్షకొరకు బట్టీపట్టితిమి. రెండు మార్కుల ప్రశ్న అది. ఆ సంవత్సరము ఆ పిల్లల తల్లులు ఎట్లుండిరో అప్పుడు మాకు తోచలేదు. మా పిల్లలు హైస్కూలుకు వచ్చిన తరువాతనే తోచినది. బాప్తిస్మము పొందినవారి విశ్వాసమును మేము తక్కువ చేయుట లేదు. కాని ఒక విషయము గమనింపవలెను. బడిలో ఏమి బోధింపబడునో ఆ తలిదండ్రులకు మొదటినుండి తెలిసియే యున్నది. తెలిసియు, ఇంగ్లీషు చదువుకొరకు, దానివలన వచ్చు సర్కారు ఉద్యోగముకొరకు ఊరకుండిరి. వారిని అడిగి సమ్మతి పొందవలెనను నియమము ఆ దినములలో లేదు. కావున వారికి మిగిలిన మాట ఒక్కటే: పిల్లవానిని ఇంటికి తీసికొనిపోవుట. తెలుగు దేశములో తలిదండ్రులు బడి నియమములకు చెప్పిన మొదటి గట్టి జవాబు అదియే యని మా అభిప్రాయము.

ఇక మన పితరుల సంగతి. 1859లో కృష్ణా మండలములోని రాఘవాపురమున పగోలు వెంకయ్యగారు డార్లింగ్ దొరగారిచేత బాప్తిస్మము పొందినారు. ఆయన మాల కులస్థుడు, చదువు లేనివాడు. ఆయనను చూచి ఆయన బంధువులు, చుట్టుప్రక్కల పల్లెలవారు వచ్చినారు. బందరులో పెద్ద బడి పేరు మారుమ్రోగుచున్న ఆ కాలముననే, అదే మిషనుకు చెందిన ఈ క్రొత్త క్రైస్తవుల పిల్లలకు ఆ బడిలో చోటు లేదు. వారికి పల్లె బడులు, ఆ తరువాత వసతి బడులు వేరుగా ఏర్పడినవి. పల్లె బడి అనగా తాటాకు పందిరి, లేదా వేపచెట్టు నీడ. పగలు కూలికి పోయినవారికి రాత్రి బడి. ఉపదేశియే పంతులు, పంతులే ఉపదేశి.

బాలికల విషయములో బందరులో షార్కీ దొరసానిగారు చేసిన సేవ మరువరానిది. వారి వసతి బడిలో ఆడపిల్లలు చదువుతోపాటు కుట్టుపని నేర్చుకొనిరి. 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది ప్రాణములు పోగొట్టుకొన్నట్లు చరిత్రకారులు వ్రాసినారు. ఆ బడిలోని ఆడపిల్లలును కొందరు ఆ నీటిలో కొట్టుకొనిపోయినారు. తమ బిడ్డలను ఇతరుల చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రించిన తలిదండ్రులు ఎందరో ఆ రాత్రి ఉండిరి. వసతిగృహపు నియమములను గూర్చి మాట్లాడునప్పుడెల్ల మాకు ఆ రాత్రి జ్ఞాపకము వచ్చును.

ఒంగోలు సంగతి దీనికి భిన్నముగా నడచినది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు అక్కడకు వచ్చి బడి పెట్టగా, ఊరిలోని పెద్ద కులములవారు తమ కుమారులను పంపినారు. అంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు, ఆయన వెంట మాదిగవారు విశ్వసించి వచ్చినారు. వీరిని చేర్చుకొన్నయెడల మా పిల్లలను మానిపింతుమని పెద్దలు స్పష్టముగా చెప్పివేసినారు. దొరగారు ఎటూ తేల్చుకొనలేక, ఒక గదిలో ఆయనయు మరియొక గదిలో దొరసానిగారును ఒకరికొకరికి తెలియకుండ బైబిలు తెరవగా, ఇద్దరికిని ఒకే భాగము కనబడినదని ఆయనే వ్రాసికొన్నారు. అది కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, గొప్పవారికంటె అల్పులకే పిలుపు ఎక్కువగా వచ్చినదని చెప్పు భాగము. దొరగారు మాదిగవారిని చేర్చుకొన్నారు. పెద్ద కులముల పిల్లలు వెళ్లిపోయినారు. ఆ తరువాత 1876–78 కరవు, బకింగ్‌హాము కాలువ పని, 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మము – ఇవన్నియు లోకమెరిగిన సంగతులే.

బందరులో గాని ఒంగోలులో గాని బడిని ఖాళీ చేసినది తలిదండ్రులే. ఒకచోట బడి ఆ తలిదండ్రులకొరకు నియమమును నిలుపుకొన్నది; మరియొకచోట నియమమును వదలి బడినే పోగొట్టుకొన్నది. ఏ బడి గొప్పదని ఎవరైన అడిగినచో మేము జవాబు చెప్పము. ఏ బడిలో మా తాతగారికి చోటు దొరికియుండునో మాత్రము చెప్పగలము.

1854లో వుడ్ దొరగారి విద్యా ఫర్మానా వచ్చినది. మరుసటి సంవత్సరము మద్రాసు రాష్ట్రమున ప్రత్యేకముగా విద్యాశాఖ యేర్పడినది. అప్పటినుండి ప్రైవేటు బడులకు, అందులో మిషను బడులకు, సర్కారువారి గ్రాంటు లభించుచు వచ్చినది. రూపాయితోపాటు రిజిస్టరు వచ్చినది. హాజరు పట్టీ, తరగతుల కాలక్రమము, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, ఇన్‌స్పెక్టరుగారి తనిఖీ – వీటన్నిటికిని మూలము అదియే. ఇన్‌స్పెక్టరుగారు వచ్చు దినమున పిల్లలు తక్కువైనచో గ్రాంటు తగ్గునను భయముచేత పంతులుగారు తెల్లవారకముందే పల్లెలో ఇల్లిల్లు తిరిగి పిల్లలను పోగుచేసెడివారని మన వృద్ధులు చెప్పెడివారు. తలిదండ్రులు దానిని పంతులుగారి అవసరమనుకొనిరే గాని తమ అవసరమనుకొనలేదు. ఆ తలంపు మనలో ఇంకను కొంత మిగిలియున్నది.

1911లో మద్రాసు రాష్ట్రమున మెట్రిక్యులేషనుకు బదులు ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చినది. మన పెద్దలలో కొందరి పెట్టెలలో అట్టవేసిన ఆ చిన్న పుస్తకము ఇప్పటికిని ఉన్నది. అందులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, దేహముమీది గుర్తులు, ఫారములవారీగా వచ్చిన మార్కులు అన్నియు వ్రాయబడును. ఒకసారి అందులో ఎక్కిన పుట్టిన తేది జీవితకాలము వెంటనంటి వచ్చును. ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. మన సంఘములలోని వృద్ధుల పుట్టిన తేదీలు చూడుడు. ఎందరో జూలై 1న పుట్టినవారే! పూర్వము పల్లెలో పిల్లవానిని బడిలో వేయునప్పుడు పంతులుగారు కుడిచేతిని తల మీదుగా త్రిప్పి ఎడమచెవిని అందుకొనుమనెడివారు. చెవి అందినచో వయస్సు వచ్చినట్లే. బడి తెరచు కాలమునకు సరిపోవునట్లు ఒక తేదీ వేసెడివారు. చేతులు పొడుగైన పిల్లవానికి వయస్సు పెరిగిపోయెడిది.

మేము ఒకానొక పాస్టరేటులో ఉన్నప్పుడు రైల్వేలో గ్యాంగ్‌మనుగా పనిచేసి విరమించిన ఒక తాతగారు మాయొద్దకు వచ్చినారు. ఆయన పేరు చెప్పనక్కరలేదు. సంఘ చరిత్రకొరకు పాత బాప్తిస్మపు రిజిస్టరు తిరగవేయుచుండగా ఆయన పుట్టిన తేది కనబడినది. బడిలో వేసిన తేదికంటె మూడేండ్లు తరువాత! అనగా మూడేండ్ల సర్వీసు, ఆ మూడేండ్ల జీతము ఆయనకు దక్కకుండ పోయినవి. గుడి బీరువాలో ఉన్న కాగితము బడి బల్లమీదికి పోలేదు. ఆయన తండ్రి ఆదివారము ఆ బీరువా ప్రక్కనే కూర్చుండెడివాడట. తాతగారు రిజిస్టరులోని తన పేరు మీద వ్రేలు పెట్టి చాలసేపు చూచినారు. "పోనీలెండి అయ్యగారూ, మూడేండ్లు చిన్నవాణ్ణయ్యాను" అని నవ్వినారు.

1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము వచ్చినను పల్లెలలో దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 2023లో ఆ చట్టమును సవరించి, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేది తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకు, ఇతర పనులకు జనన ధృవపత్రమునే పుట్టిన తేదికి ఆధారముగా చేసినారు. ఆ పిల్లలు హైస్కూలుకు వచ్చుటకు ఇంకను కొన్నేండ్లు పట్టును. ఇప్పుడు హైస్కూలులో ఉన్న పిల్లల తలిదండ్రులు పదవ తరగతి దరఖాస్తు పోకముందే బడి రిజిస్టరులోని తేదిని, ఇంటి పేరును, తల్లి పేరును ఒక్కమారు చూచుకొనవలెను. పదవ తరగతి సర్టిఫికెట్టు అచ్చయిన తరువాత దిద్దించుట ఎంత ప్రయాసయో తిరిగినవారికే తెలియును.

వసతి బడులు బాగుగా సాగిన కాలమును గూర్చి చెప్పునప్పుడు బిషప్ అజరయ్యగారిని తలచుకొనక పోలేము. తిరునల్వేలి ప్రాంతపువాడైన ఆయన 1909లో దోర్నకలు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందినారు. ఆంగ్లికను సంఘములో ఆ స్థానమునకు వచ్చిన మొదటి భారతీయుడు ఆయనయే. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించువరకు అక్కడనే పనిచేసినారు. పల్లె పంతుళ్లకు తర్ఫీదు ఇచ్చు బడిలో వారి భార్యలకును చదువు చెప్పించుట, విద్యార్థులచేత పొలము పనియు చేతిపనులును చేయించుట ఆయన పద్ధతులు. చదువుకొన్నవాడు నాగలి ముట్టరాదను అపోహ మన జనమునకు పట్టకుండవలెనని ఆయన కోరిక.

ఈ పనిగంటను గూర్చి అప్పటి తలిదండ్రులలో కొందరు సణిగినారని వినికిడి. "మా ఇంటిదగ్గర పనిచేసే పిల్లవాణ్ణి మీ దగ్గరకు పంపింది మళ్లీ పనిచేయడానికా" అని. ఆ మాటను తప్పుపట్టుట సులభము. కాని ఆ తండ్రి స్థితి ఎట్టిదో ఆలోచింపవలెను. పదేండ్ల పిల్లవాడు కామందు ఇంట పశువుల కాపరి. వాని జీతము ఏడాదికి ఇన్ని కుంచముల జొన్నలు, ఒక గొంగడి. అనేకమారులు ఆ పిల్లవాని జీతము తండ్రి చేసిన అప్పునకు జమ. వానిని బడికి పంపుట అనగా ఆ జొన్నలు పోవును, అప్పు నిలుచును, కామందుకు కోపము వచ్చును. ఇంత నష్టమునకు ఓర్చి పంపిన తండ్రి పేరు ఏ శిలాఫలకము మీదను లేదు. ఈ సంచికలో ఆయనకు ఒక పేరా అయినను ఉండవలెనని మేము ఈ వ్యాసమునకు ఒప్పుకొంటిమి.

స్వరాజ్యము వచ్చి 1950లో రాజ్యాంగము అమలులోనికి రాగా, బడి నియమములకు క్రొత్త పునాది పడినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొని నడుపుకొను హక్కునిచ్చినది. దీనిని మనవారు తరచు చెప్పుకొందురు. 28వ అధికరణములోని మూడవ ఖండమును అంతగా చెప్పుకొనరు. సర్కారు గుర్తింపు గాని సహాయము గాని పొందిన బడిలో మత బోధకు గాని ఆరాధనకు గాని హాజరగుమని ఎవరిని నిర్బంధింపరాదు. పిల్లవాడు మైనరైనచో సంరక్షకుని సమ్మతి ఉండవలెను. 1852లో బందరు తలిదండ్రులకు లేని మాట ఇది. మన బడిలోని హిందూ, మహమ్మదీయ తలిదండ్రులకు ఈ హక్కు ఉన్నదని మన ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనవలెను. ఇతరుల బడిలో మన పిల్లలకును ఇదే హక్కు ఉన్నదని మనము జ్ఞాపకముంచుకొనవలెను. రెండును ఒకే వాక్యములో ఉన్నవి.

అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు మరియొక సంగతి. షెడ్యూల్డు కులముల జాబితా హిందువులకే పరిమితమని అందులో వ్రాయబడినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1970లో వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని 'సి' గ్రూపులో చేర్చి ఒక శాతము కేటాయించినది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ ప్రశ్ననే పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన కమీషనును నియమించినది. న్యాయస్థానములలోను ఈ వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచుచునే యున్నది.

ఈ పెద్ద సంగతి అంతయు మన ఇండ్లలోనికి వచ్చునది బడి దరఖాస్తులోని రెండు గళ్ల ద్వారా: మతము, కులము. మా ఎరుకలో ఒక కుటుంబములో అన్న టీ.సీ.లో ఒక విధముగాను, చెల్లెలి టీ.సీ.లో మరియొక విధముగాను వ్రాయబడినది. అన్నను చేర్చిననాడు తండ్రి చెప్పినాడు; చెల్లెలిని చేర్చిననాడు తండ్రి ఊరిలో లేనందున ప్రక్కింటివారు చెప్పినదానిని గుమాస్తా వ్రాసికొన్నాడు. పదవ తరగతి వరకు ఎవరును అడుగలేదు. ఇంటరు స్కాలర్‌షిప్పు వచ్చునప్పుడు అడిగినారు. ఒకే తల్లి బిడ్డలకు రెండు కులములు ఎట్లు వచ్చినవని కార్యాలయములో అడుగగా ఆ తల్లి ఏమి చెప్పగలదు? ఏడ్చినది. ఆ గడిలో ఏమి వ్రాయించవలెనో మేము ఎవరికిని చెప్పము. అది వారి మనస్సాక్షికి సంబంధించినది. అందులో నష్టమున్నది, ఆ నష్టమును మోయువాడు కాపరి కాదు, బిడ్డ. కాని తెలిసి వ్రాయించుడు, తెలియక వ్రాయించకుడు, గుమాస్తాకు వదలిపెట్టకుడు అని మాత్రము చెప్పుచున్నాము.

ఇక ఇటీవలి కాలము. 1969–70లో రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చి, పదవ తరగతితో హైస్కూలు చదువు ముగియు పద్ధతి స్థిరపడినది. 2002లో రాజ్యాంగ సవరణవలన, 2009లో విద్యాహక్కు చట్టమువలన, ఆరునుండి పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును చదువు హక్కు అయినది. 2014లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాకుల బడులకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. ఆ వాదము అంతటితో ముగియలేదు. తలిదండ్రులు చూడవలసినది పదునాలుగు అను అంకెను. అనగా ఎనిమిదవ తరగతి వరకు చట్టము పిల్లవాని చేయి పట్టుకొనును; తొమ్మిదవ తరగతి వాకిట వదలివేయును. 2020 జాతీయ విద్యా విధానము పదునెనిమిదేండ్ల వరకు చదువు అందవలెనని పలికినను చట్టములోని అంకె మారలేదు. మన పిల్లలు ఎక్కువగా జారిపోవునది ఆ మెట్టువద్దనే. పూర్వము మిషను హాస్టలు పిల్లవానిని అందుకొన్నదియు ఆ మెట్టువద్దనే.

ఫిబ్రవరి, మార్చి నెలలు మిరప కోతల కాలము. పదవ తరగతి పరీక్షల కాలమును అదే. కుటుంబము కుటుంబమే కోతలకు పోవును. ఆడపిల్లను ఇంట ఒంటరిగా విడుచుటకు భయపడి వెంట తీసికొనిపోవుదురు. ఆ భయము ఉత్తది కాదు. పది దినములకని పోయినది నెల అగును. అమ్మాయి తిరిగి బడికి రాదు. వేసవిలో పెండ్లి మాటలు వచ్చును. పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి చేయరాదని 2006 చట్టము చెప్పుచున్నది. ఆ వయస్సు నిండనిదే మన గుడిలోను పెండ్లి ప్రకటన చదువకూడదు. దానికి ఋజువు అడిగినందుకు మాతో మాటలాడుట మానిన కుటుంబములు రెండు ఉన్నవి. మాటలాడకున్నను ఫరవాలేదు, వారిలో ఒక ఇంటి అమ్మాయి నర్సింగు చదువుచున్నది.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'అమ్మ ఒడి' పథకము ప్రారంభించినప్పుడు 75 శాతము హాజరు ఉండవలెనని నియమము పెట్టి సొమ్మును తల్లి ఖాతాలో వేసినది. అప్పటివరకు హాజరు ఎంతో ఎన్నడు అడుగని తల్లులు బడికి వచ్చి పట్టీలో చూపుమని అడిగినారు. డబ్బుకొరకే గదా యని కొందరు ఎగతాళి చేసినారు. గ్రాంటుకొరకు పంతులుగారు ఇల్లిల్లు తిరిగిన కాలమును మరచినవారే అట్లు నవ్వగలరు.

బెత్తమును గూర్చి ఒక మాట. "కళ్లు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం పంతులుగారూ" అని బిడ్డను అప్పగించిన తరము మనది. మేమును ఆ బెత్తము తినియే చదివితిమి. అందువలననే చదువు వచ్చినదని చెప్పలేము. 2009 చట్టము కొట్టుటను, మనస్సు నొచ్చునట్లు హింసించుటను నిషేధించినది. మిషను బడులలో క్రమశిక్షణ పేర కొట్టుట ఎక్కువయను పేరు మనకుండెను. అది పొగడ్తగా చెప్పుకొన్నాము, సిగ్గుపడవలసినదేమో! ఇప్పుడు తలిదండ్రులు మరియొక కొసకు పోయి, పిల్లవానిని మందలించినంతనే బడిమీదికి వచ్చుచున్నారు. ఇంటివద్ద రాత్రి పదకొండు గంటల వరకు సెల్‌ఫోను చేతికిచ్చి, బడిలో నిద్రపోవుచున్నాడేమని అడిగిన టీచరుగారితో తగవుపడుట న్యాయము కాదు.

అదే చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నలుగురిలో ముగ్గురు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. మైనారిటీ బడులలో ఈ కమిటీ సలహాకే పరిమితము. అయినను సలహా చెప్పుటకైనను పోవలెను గదా! 2021లో ఎయిడెడు బడులు గ్రాంటును వదలుకొనవచ్చునని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉత్తరువులిచ్చినప్పుడు, ఎయిడెడు ఉపాధ్యాయులను సర్కారు బడులకు తీసికొన్నప్పుడు, ఎన్నో ఊళ్లలో బడి నడచునో మూతపడునో తెలియని స్థితి వచ్చినది. తలిదండ్రులు వీధికెక్కినచోట్ల ఆ మాట ప్రభుత్వము వరకు వినబడి, ఉత్తరువులలో సడలింపు వచ్చినది. గడచిన నూట ఎనుబది యేండ్లలో తలిదండ్రులు బడిని ఖాళీ చేయుటకు గాక నిలుపుకొనుటకు కదలిన సందర్భములు తక్కువ. అది అట్టి వాటిలో ఒకటి.

మా తండ్రిగారు మమ్మును తొమ్మిదవ తరగతిలో చేర్చుటకు తీసికొనిపోయిన దినము మాకు బాగుగా జ్ఞాపకమున్నది. చెప్పులు లేవని ఆయన ప్రధానోపాధ్యాయులవారి గదిలోనికి రాలేదు. వాకిట చెట్టుక్రింద నిలిచి, కాగితము బయటికి పంపగా వ్రేలిముద్ర వేసినారు. దానిలో ఏమి వ్రాసియున్నదని దారిలో మమ్మును అడిగినారు. మేమును చదువలేదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, "ఫీజు సంగతి నాన్నా" అని అబద్ధమాడితిమి.

గడచిన జూన్‌లో మా పాస్టరేటులోని ఒక తల్లి, కూలిపని చేయునామె, కుమార్తె దరఖాస్తు పట్టుకొని మా ఇంటి అరుగు మీదికి వచ్చినది. వెనుకవైపునున్న నియమములు చదివి వినిపించుమన్నది. పదునాలుగు నియమములు. మేము ఒక్కొక్కటి చదువగా ఆమె వినినది. ఆరవ దానియొద్ద ఆపి, "హాజరు తక్కువైతే ముందుగా మాకు కబురు చేస్తారని ఇందులో ఉందా అయ్యగారూ?" అని అడిగినది. లేదు. "అయితే రాయించండి" అన్నది. నియమములు వ్రాయునది మేము కామని చెప్పితిమి. ఆమె సంతకము చేయలేదు. కాగితము మడిచి కొంగున ముడివేసికొని, కూతురిని వెంటబెట్టుకొని, ఆ మాట అడుగుటకు బడికే పోయినది.